కియాంతి క్లాసికో ఎలా కొనాలి, ఎలా తాగాలి, పక్కన ఏం తినాలి

ముందు నేను చేసిన వెధవపని చెప్తా, మీరు చెయ్యకుండా ఉంటారు. ఇటలీలో ఫ్లోరెన్స్ వచ్చిన మొదటి వేసవిలో సూపర్ మార్కెట్లో అన్నిటికన్నా కింది అరలో ఉన్న చవక కియాంతి, అంటే ఇక్కడి రెడ్ వైన్, బాటిల్ ఒకటి పట్టుకొచ్చా. రూములో ఓపెనర్ లేదు, గరిటె కాడతో బిరడాని లోపలికే తోసేశా, అది గభాల్న దిగి చొక్కా నిండా ఎర్ర మరకలు. జూలై ఎండకి గదే పెనంలా ఉంది, బాటిల్ కూడా గోరువెచ్చగా అయిపోయింది, దాన్ని స్టీలు గ్లాసులో పోసుకుని పక్కన ఒక్క శనగ్గింజ కూడా లేకుండా తాగా. పుల్లగా ఉంది, నాలిక మీద జామపిందె నమిలినట్టు పట్టేసింది, దీనికోసమా దేశదేశాల నుంచి జనం వచ్చి పడిపోతున్నారు అనుకుని సగం సింకులో పారబోశా.

రెండు వారాలకి కింద పోర్షన్లో ఉండే మా ఓనరమ్మ ఆదివారం భోజనానికి పిలిచింది. కాల్చిన రొట్టె ముక్క మీద కోడి కార్జం ముద్ద రాసి చేతిలో పెట్టి, కియాంతే, అదేం పేద్ద ఖరీదైంది కూడా కాదు, చిన్న గ్లాసులో పోసింది. ఒక కొరుకు, ఒక గుక్క. అదే పులుపు, అదే వగరు, కానీ ఇప్పుడు ఇంకో ముక్క పెట్టండి అనాలనిపించింది. నేను ఒట్టిగా తాగిన కథ చెప్తే ఆవిడ నవ్వలేదు సరికదా కొంచెం జాలిగా చూసి, మరి తిండేదీ అని అడిగింది.

గోంగూర పచ్చడి ఒట్టిది నాలిక మీద వేసుకుని అబ్బ ఇంత పులుపేంటండీ అంటే మనం ఏమంటాం? అన్నంలో కలుపుకో, నెయ్యి వేసుకో, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టుకో అంటాం కదా. కియాంతి కూడా అంతే. కింద రాసిందంతా ఆ నెయ్యీ అన్నం సంగతే అనుకోండి, మధ్యలో కొనడం, తియ్యడం, పొయ్యడం కూడా చెప్తాను.

1. ముందు పేరు, తర్వాత బాటిల్ మెడ మీద కోడి

చియాంటి కాదు, కియాంతి. ఇటాలియన్లో సీ తర్వాత హెచ్ వస్తే క అని పలకాలి. షాపులో చియాంటి అన్నా ఇస్తార్లెండి, ఎవరూ కొట్టరు.

కొనేటప్పుడు తెలియాల్సిన అసలు సంగతి ఏంటంటే కియాంతి వేరు, కియాంతి క్లాసికో వేరు. క్లాసికో అనేది ఫ్లోరెన్స్ కీ సియేనాకీ మధ్య ఉన్న కొండల్లో పాత ప్రాంతం, గ్రేవె, రద్దా, గయోలె, కాస్తెల్లీనా ఈ ఊళ్ళ చుట్టుపక్కల. 1716లో ఈ రెండు ఊళ్ళూ ఉన్న టస్కనీ ప్రాంతాన్ని ఏలుతున్న మూడో కోసిమో దె మెదిచి ఈ వైన్ ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకానే అని హద్దులు గీసి శాసనం చేయించాడు, వైన్ కి ఊరి పేరు పెట్టి గట్లు వేయడం ప్రపంచంలోనే బాగా మొదట్లో జరిగిన వాటిల్లో అదొకటి. తర్వాత పేరుకి గిరాకీ పెరిగేసరికి చుట్టుపక్కల టస్కనీలో చాలామంది తమ వైన్ ని కూడా కియాంతి అనే అమ్ముకున్నారు, 1932లో ప్రభుత్వమే ఆ పెద్ద ప్రాంతానికంతటికీ కియాంతి పేరు ఒప్పేసుకుని, పాత ఊళ్ళకి మాత్రం క్లాసికో అనే తోక తగిలించింది. మన దగ్గర బందరు లడ్డూ బోర్డు ప్రతి ఊళ్ళోనూ కనపడుతుంది చూడండి, ఆ టైపు తగాదా ఇది.

కాబట్టి బాటిల్ మెడ దగ్గర నల్ల కోడిపుంజు బొమ్మ ఉందా లేదా చూడండి. 1924లో రద్దాలో 33 మంది తయారీదార్లు కలిసి పెట్టుకున్న సంఘం గుర్తు అది, ఇప్పుడు క్లాసికో బాటిల్స్ అన్నిటి మీదా ఉంటుంది. కోడి కథ కూడా ఒకటుంది, ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. ఫ్లోరెన్స్, సియేనా సరిహద్దు కోసం కొట్టుకుని కొట్టుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారట, తెల్లారి కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, ఎక్కడ ఎదురుపడితే అక్కడ హద్దు. సియేనా వాళ్ళు తెల్ల కోడిని బాగా మేపి పడుకోబెట్టారు. ఫ్లోరెన్స్ వాళ్ళు నల్ల కోడిని తిండి పెట్టకుండా మాడ్చారు, అది ఆకలికి తట్టుకోలేక తెల్లారకముందే కూసేసింది, వాళ్ళ రౌతు దాదాపు సియేనా గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. కోడిపందేలు ఎరిగిన మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ కథలో ఎవరి తెలివి ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

క్లాసికో కాని కియాంతి అంతా చెత్త అని కాదు. లేబుల్ మీద రూఫినా అని ఉంటే అది ఫ్లోరెన్స్ కి తూర్పున చల్లటి కొండ ప్రాంతం, బాగుంటుంది, రూఫీనో అని ఇంచుమించు అదే పేరుతో ఒక కంపెనీ కూడా ఉంది, రెండూ ఒకటి కాదు, నేను ఏడాది పాటు ఒకటే అనుకున్నా. కొల్లీ సెనేజీ అంటే సియేనా చుట్టూ కొండలు, రోజువారీ భోజనానికి హాయిగా సరిపోతుంది. ఇంక గడ్డి అల్లిన బుడ్డి బాటిల్ ఉంటుంది చూశారా, ఫియాస్కో అంటారు, అది చాలావరకు టూరిస్టుల సరదా, ఖాళీ అయ్యాక మనీ ప్లాంట్ పెట్టుకోవచ్చు.

2. మూడు మెట్లు, మొదటి మెట్టు చాలు

క్లాసికోలో మూడు రకాలుంటాయి. మామూలు దాన్ని అన్నాతా అంటారు, పేరు వింటే అన్నా తాగు అన్నట్టే ఉంటుంది, సుమారు ఏడాది ఆగి బయటికొస్తుంది. రిజెర్వా అంటే రెండేళ్ళు నిలవ ఉంచింది. గ్రాన్ సెలెత్సియోనె అంటే రెండున్నరేళ్ళు, అదీ సొంత తోట ద్రాక్షతోనే చెయ్యాలి, ఈ రకం 2014 నుంచే మార్కెట్లోకి వచ్చింది. కొత్తవాళ్ళు రిజెర్వా అన్న పేరు చూసి ఇదే గొప్పది అని ఎగబడతారు, నా మటుకు నాకైతే భోజనంలోకి అన్నాతానే ఇష్టం. రిజెర్వాలో చెక్క పీపా రుచి, బరువు ఎక్కువ, పక్కన బరువైన మాంసం లేకపోతే అదొక్కటే మాట్లాడుతూ ఉంటుంది, ఇంకెవరినీ మాట్లాడనివ్వదు.

ద్రాక్ష పేరు సాంజొవేసే. క్లాసికోలో ఇది కనీసం 80 శాతం ఉండాలి, చాలామంది నూటికి నూరూ అదే వాడతారు. ఒకప్పుడు ఇందులో తెల్ల ద్రాక్ష కూడా కలిపేవాళ్ళంటే నమ్మరు. బ్రోలియో కోట యజమాని బెత్తీనో రికాజోలి, ఈయన ఇటలీకి రెండో ప్రధానమంత్రి కూడా, 1872లో ఒక ప్రొఫెసర్ కి ఉత్తరం రాస్తూ తన లెక్క చెప్పాడు, వాసనకీ బలానికీ సాంజొవేసే, గరుకు తగ్గించడానికి కనయోలో అనే ఇంకో ద్రాక్ష, తొందరగా తాగేసే వైన్ అయితే కొంచెం తెల్ల మల్వాసియా అని. ఆయన కొంచెం అన్నాడు, 1967లో వచ్చిన రూల్స్ తెల్ల ద్రాక్ష కనీసం పదో వంతు కలిపి తీరాలి అని పట్టుబట్టాయి, వైన్ నీళ్ళగా తయారైంది, పరువు పోయింది. విసిగిపోయిన కొందరు రూల్స్ నే వదిలేసి వేరే పేర్లతో చేసుకున్నారు, 1971 నాటి తిన్యానెల్లో అనే వైన్ అలా వచ్చిందే. క్లాసికోలో తెల్ల ద్రాక్షని పూర్తిగా ఆపేసింది 2006లో. మీ తాతగారెవరైనా యూరప్ వెళ్ళొచ్చి కియాంతి ఏం బాలేదురా అన్నారంటే ఆయన అన్నది ఆ కాలపు దాని గురించి, తప్పు పట్టకండి.

షాపులో చూసుకోవాల్సింది ఇంతే: కోడి గుర్తు, అన్నాతా, రెండు నుంచి ఐదేళ్ళ లోపు సంవత్సరం, తోట వాళ్ళే స్వయంగా బాటిల్లో పట్టారు అని అర్థమిచ్చే ఇంబొత్తిల్యాతో అల్లొరీజినె అన్న మాట. ఇటలీలో అయితే పది పదిహేను యూరోల్లో మంచిదే వస్తుంది. కొనే ముందు రుచి చూడాలంటే ఏదైనా చిన్న త్రత్తోరియాలో, అంటే మన మెస్ లాంటి భోజన హోటల్లో, హౌస్ వైన్ పావు లీటరు అడగండి, కూజాలో తెచ్చిస్తారు. అది నచ్చకపోతే పోయిందేం లేదు.

3. చల్లదనం

రెడ్ వైన్ రూం టెంపరేచర్లో తాగాలి అనే మాట ఎవరు పుట్టించారో గానీ అది రాతి గోడల పాత ఇళ్ళల్లో చలికాలం రూం సంగతి. కియాంతికి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. ఫ్లోరెన్స్ లో జూలై అయినా హైదరాబాద్ లో ఏ నెల అయినా బాటిల్ని ఫ్రిజ్ కింది అరలో అరగంట నుంచి ముప్పావుగంట పెట్టండి. మరీ వేడిగా ఉంటే స్పిరిట్ వాసన ముందుకొచ్చి కూర్చుంటుంది, మరీ చల్లగా ఉంటే వగరు రెట్టింపవుతుంది, వాసన చచ్చిపోతుంది. చేత్తో పట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లగా ఉండాలి, ఫ్రిజ్ నీళ్ళంత కాదు. కుండ తాకినవాళ్ళకి థర్మామీటర్ అక్కర్లేదు.

4. బిరడా తియ్యడం

గరిటె కాడ వద్దు. మడత ఓపెనర్ ఒకటి కొనుక్కోండి, చిన్న చాకు, మర, రెండు మెట్ల పట్టు ఉంటాయి, హోటళ్ళలో వెయిటర్లు జేబులోంచి తీసేది అదే. మెడ మీద రేకుని అంచు కింద చుట్టూ కోసి తీసెయ్యండి. మర మొనని బిరడాకి సరిగ్గా మధ్యలో గుచ్చి నిటారుగా తిప్పండి, ఒక చుట్టు బయటే ఉండగా ఆపెయ్యండి, పూర్తిగా దించితే అడుగున చిల్లు పడి పొట్టు వైన్ లో రాలుతుంది. మొదటి మెట్టు బాటిల్ అంచుకి ఆనించి పైకి లేపి, తర్వాత రెండో మెట్టు. చివరి అంగుళం చేత్తో పట్టుకుని మెల్లిగా కదుపుతూ లాగండి, టప్పున మోగితే సినిమాల్లో బాగుంటుంది గానీ ఇక్కడ వాళ్ళు మోగనివ్వరు.

తీశాక ఒక వేలెడు పోసి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన, వానాకాలంలో మూసిపెట్టిన గదిలో ముక్కిపోయిన బట్టల వాసన వస్తే ఆ బాటిల్ చెడిపోయినట్టే, బిరడాలో పుట్టే టీసీఏ అనే పదార్థం వల్ల అలా అవుతుంది. తాగితే ప్రమాదం ఏం లేదు గానీ రుచి ఉండదు. హోటల్లో అయితే మొహమాటపడకుండా చెప్పండి, మార్చి ఇస్తారు, వెయిటర్ ముందు కొంచెం పోసి నిలబడేది అందుకే, మీకు నచ్చిందా లేదా అని కాదు.

అన్నాతా అయితే తీసిన పావుగంటకి తాగొచ్చు. రిజెర్వా కొత్తది అయితే వెడల్పు మూతి జగ్గులోకి వంచి ఓ గంట వదిలెయ్యండి, గాలి తగిలి వగరు కాస్త దిగుతుంది. పాత బాటిల్ అయితే అడుగున మడ్డి ఉంటుంది, ఆఖరి గుక్క వంచకండి.

5. పోసుకుని ఏం చూడాలి

గాజు గ్లాసు, కాడ ఉన్నది, పైకి కొంచెం మూసుకున్నట్టుండేది. మూడో వంతే పొయ్యాలి, నిండా పోస్తే తిప్పడానికి చోటుండదు. రంగు చూస్తే మీరు అనుకున్నంత చిక్కగా ఉండదు, గ్లాసు వెనక వేలు పెడితే కనపడేంత పల్చటి కెంపు రంగు, అది లోపం కాదు, సాంజొవేసే తీరే అంత. వయసు మీద పడేకొద్దీ అంచు ఇటుక రంగుకి తిరుగుతుంది.

గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెడితే పుల్ల చెర్రీ పళ్ళు, ఎండిన ఆకులు, కొన్నిట్లో టమాటా తొడిమ తుంచితే వేళ్ళకి అంటే ఆ పచ్చి వాసన వస్తాయి. నాకు టమాటా తొడిమ ఒక్కటే ఖాయంగా దొరుకుతుంది, వయొలెట్ పువ్వులు అంటారు, నేను ఆ పువ్వుని ఎప్పుడూ వాసన చూడలేదు కాబట్టి ఉంటే ఉండనీండి అని ఊరుకుంటా.

నోట్లో రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి పులుపు, దవడల పక్కన నీళ్ళూరతాయి. రెండోది వగరు. వైన్ పుస్తకాలన్నీ టానిన్ టానిన్ అని పేజీలు పేజీలు వివరిస్తాయి, మనకి వగరు అని ఒక్క మాట ఉంది, నేరేడు పళ్ళు తిన్నాక నాలిక గరుకెక్కడం తెలుసు, పని అయిపోయింది. ద్రాక్ష తొక్క, గింజల్లోంచి వచ్చే ఆ టానిన్ మన ఉమ్ములో ఉండే ప్రొటీన్ ని పట్టేసుకుంటుంది, జారుడు పోయి నోరు పొడిబారినట్టవుతుంది. టీ డికాషన్ ఒట్టిది తాగితే వగరు, పాలు పోస్తే మెత్తన, ఎందుకంటే టానిన్ పాల ప్రొటీన్ ని పట్టుకుని మన నాలికని వదిలేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే పక్కన ఏం తినాలో మీరే చెప్పేయగలరు: మాంసం, కొవ్వు, చీజ్ ఉంటే వగరు వాటి మీదకి పోతుంది. పులుపుకి ఏమో పుల్లటిది కావాలి, తిండిలో పులుపు వైన్ కంటే ఎక్కువైతే వైన్ చప్పబడుతుంది, కియాంతికి సొంత పులుపు దండిగా ఉంది కాబట్టి టమాటా ముందు తలొంచదు.

6. పక్కన ఏం పెట్టాలి

టస్కనీ బల్ల మీద ముందు వచ్చేది రొట్టె, దాన్లో ఉప్పుండదు. మొదటిసారి తిన్నప్పుడు వెయ్యడం మర్చిపోయారనుకున్నా. ఎందుకు ఉండదు అంటే పీసా వాళ్ళు ఉప్పు ఆపేశారనీ, ఉప్పు పన్ను కట్టలేకనీ తలో కథ చెప్తారు. ఎందుకైనా కానీ దాని మీద వేసేవన్నీ ఉప్పగా ఉంటాయి, సోంపు గింజలు వేసిన ఫినొక్కియోనా అనే పంది మాంసం సలామీ, గొర్రె పాల పెకొరీనో చీజ్. ఈ మూడూ, ఒక గ్లాసు, వంట చెయ్యక్కర్లేని సాయంత్రాలకి ఇది చాలు. పెకొరీనో మరీ ముదురుది కాకుండా నడిమి వయసుది తీసుకోండి.

మా ఓనరమ్మ పెట్టిన కార్జం రొట్టె, క్రొస్తీనీ దీ ఫెగతీనీ, మీరు ఇంట్లో అరగంటలో చేసుకోవచ్చు. 300 గ్రాముల కోడి కార్జాలు, పిత్త సంచి ఆకుపచ్చ మరక ఎక్కడైనా ఉంటే కోసి పారేసి కడగండి. చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి ఆలివ్ నూనె, వెన్న కలిపి సన్న మంట మీద మగ్గనివ్వండి, ఎర్రబడకూడదు. కార్జాలు వేసి రంగు మారాక అర గ్లాసు వైన్ పోసి ఇగరనివ్వండి. రెండు ఆంచొవీ ముక్కలు, అంటే ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు, ఒక స్పూన్ కేపర్లు, అంటే ఊరేసిన పూమొగ్గలు, వేసి దించి, చాకుతో తరుగుతారా రోట్లో కచ్చాపచ్చాగా నూరతారా మీ ఇష్టం, మిక్సీలో మాత్రం పేస్ట్ చెయ్యకండి, పళ్ళకి తగలాలి. కొంచెం వెన్న కలిపి వేడిగా కాల్చిన రొట్టె మీద రాయడమే. ఆంచొవీ దొరక్కపోతే ఉప్పు కొంచెం పెంచండి, రుచి అదే రాదు గానీ దగ్గరికి వస్తుంది.

మాంసం తినని వాళ్ళకి పప్పా అల్ పొమొదోరో. పప్పు కాదండోయ్, ఇటాలియన్లో పప్పా అంటే పసిపిల్లలకి పెట్టే మెత్తటి ముద్ద. ఎండిపోయిన రొట్టె, పండు టమాటాలు, వెల్లుల్లి, తులసి లాంటి బాజిలికో ఆకు, బోల్డంత ఆలివ్ నూనె. వెల్లుల్లిని నూనెలో వేయించి టమాటాలు వేసి మగ్గాక రొట్టె ముక్కలు, నీళ్ళు పోసి గరిటెతో మెదుపుతూ ఉడికిస్తే చద్దన్నం మెదిపినంత మెత్తగా వస్తుంది, పైన పచ్చి ఆలివ్ నూనె తిప్పి పోస్తారు, మనం నెయ్యి వేసినట్టే. దీని పక్కన కియాంతి అన్నాతా పెట్టి చూడండి, టమాటా పులుపూ వైన్ పులుపూ ఒకదాన్నొకటి గిల్లుకోకుండా కూర్చుంటాయి. ఇంకా చలికాలం అయితే నల్ల క్యాబేజీ, తెల్ల బీన్స్, రొట్టె వేసి రెండో రోజు మళ్ళీ మరిగించే రిబొల్లీతా. పేరుకి అర్థమే మళ్ళీ మరిగించింది అని, మన నిన్నటి పులుసు ఇవాళ రుచి అన్నట్టు.

బిస్తెక్కా అల్లా ఫియొరెంతీనా గురించి అందరూ రాస్తారు, నేను తక్కువ చెప్తా. ఎముకతో కలిపి మూడు నాలుగు వేళ్ళ మందం, కిలో పైన ఉండే గొడ్డు మాంసం ముక్క, అసలైతే కియనీనా జాతిది, నిప్పుల మీద అటు ఐదు నిమిషాలు ఇటు ఐదు నిమిషాలు, లోపల ఎర్రగానే ఉంటుంది, బాగా ఉడికించండి అంటే వంటవాడు మొహం మాడ్చుకుంటాడు. తినేవాళ్ళు రిజెర్వా తియ్యాల్సింది ఇక్కడే. ఒక్క హెచ్చరిక, మెనూలో రేటు చాలాచోట్ల ఎత్తోకి రాస్తారు, ఎత్తో అంటే 100 గ్రాములు, ఆరు యూరోలే కదా అని ఆర్డర్ చేసి బిల్లు చూసి నీళ్ళు తాగిన స్నేహితుల బ్యాచ్ లో నేనూ ఉన్నా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది పెపోజో. ఇంప్రునేతా అనే ఊళ్ళో ఇటుకలు, పెంకులు కాల్చే బట్టీలున్నాయి, ఆ పనివాళ్ళు మట్టి కుండలో మాంసం, వెల్లుల్లి, మిరియాలు, వైన్ పోసి బట్టీ మూతి దగ్గర వదిలేసేవాళ్ళట, బ్రునెల్లెస్కీ ఫ్లోరెన్స్ చర్చి గుమ్మటం కట్టేటప్పుడు కూలీలకి ఇదే పెట్టారని కూడా చెప్పుకుంటారు. అసలుది గొడ్డు మాంసం పిక్కతో చేస్తారు, నేను మటన్ తొడ ముక్కలతో చేస్తా, పెద్ద ముక్కలే కొట్టించండి. కిలో మాంసానికి పది పన్నెండు వెల్లుల్లి రెబ్బలు పొట్టు తీసి అలాగే, నల్ల మిరియాలు ఒక స్పూన్ గింజలుగా, ఒక స్పూన్ బరగ్గా దంచి, ఉప్పు, బిర్యానీ ఆకు, ముప్పావు బాటిల్ చవక కియాంతి. నూనె లేదు, ఉల్లిపాయ లేదు, టమాటా లేదు, వేయించడం కూడా లేదు, అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి మూత పెట్టి బాగా సన్న మంట మీద మూడు గంటలు. కుక్కర్ వద్దు, రెండు విజిల్స్ కి మాంసం ఉడుకుతుంది గానీ వైన్ పచ్చి పులుపు పోదు. మొదటి గంట ఇల్లంతా పుల్లటి వాసన కొట్టి ఇదేదో తేడా కొట్టింది అనిపిస్తుంది, కంగారు పడకండి, రెండో గంట దాటాక వెల్లుల్లి కరిగిపోయి, వాసన తిరిగి, చివరికి ఇగురు నల్లగా చిక్కబడి గరిటెకి పట్టుకుంటుంది. రొట్టె తుంచి అద్దుకు తినడం. ఇందులో ఘాటంతా మిరియాలదే, వైన్ తో గొడవ పెట్టుకోదు.

7. మన వంటలతో

ఇక్కడ కొన్ని చేతులు కాల్చుకుని చెప్తున్నా. ఆవకాయన్నంతో ప్రయత్నించా, నోరు రెండింతలు మండింది, పైగా ఇనుప గరిటె నాకినట్టు రుచి. ఆల్కహాల్ కారాన్ని ఎగదోస్తుంది, వగరు దానికి తోడు. గుంటూరు కారం వేసిన ఏ వేపుడికైనా కియాంతి పనికిరాదు, ఎవరైనా ఉంది అంటే అలవాటు పడ్డ నోరు అనుకోండి. చేపల పులుసు అసలొద్దు, రెడ్ వైన్ లో ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచు వాసనని పెంచుతుంది. ఇక్కడ లివోర్నో రేవులో చేపలతో చేసే కచ్చూక్కో అనే టమాటా పులుసులోకి కుర్ర రెడ్ తాగుతారు నిజమే, నేను కూడా తిన్నా, అది వాళ్ళ ఊరి అలవాటు, నాకు నీచే తెలిసింది. కొబ్బరి పాల కూరలు, బెల్లం పడ్డ పులుసులు, స్వీట్లు కూడా పక్కన పెట్టండి, తీపి తిన్నాక ఈ వైన్ చింతపండు నీళ్ళలా ఉంటుంది.

కుదిరినవి కొన్నే. ఎండుకారం బదులు మిరియాలతో చేసిన మటన్ వేపుడు బ్రహ్మాండం. ఫ్లోరెన్స్ లో మా తెలుగు బ్యాచ్ అంతా కలిసినప్పుడు దానికే ఓటు. పచ్చిమిర్చి ఒకటికి తగ్గించి నెయ్యి రెండు స్పూన్లు పెంచిన టమాటా పప్పు, నవ్వకండి, అన్నంతో కాకుండా గట్టిగా చేసి కాల్చిన రొట్టెతో తినండి, పైన చెప్పిన పప్పా కి చుట్టమే అవుతుంది. కోడి కార్జం, కందనకాయ మిరియాల ఇగురు కూడా, గరం మసాలా లవంగం దాకా వెళ్ళకుండా ఆపితే. గోంగూర మటన్ రెండుసార్లు చేశా, ఒకసారి కుదిరింది ఒకసారి గోంగూర పులుపు వైన్ ని మింగేసింది, ఆకు ఎర్రదా తెల్లదా అన్న దాని మీద ఉందేమో అని మూడోసారి చెయ్యాలి.

8. మిగిలితే

బిరడాని తిరగేసి కాకుండా వచ్చినవైపే మళ్ళీ దూర్చి ఫ్రిజ్ లో నిలబెట్టండి, పడుకోబెట్టకండి, గాలి తగిలే మేర పెరుగుతుంది. కియాంతి పులుపు దాన్ని రెండు మూడు రోజులు కాపాడుతుంది, నాకైతే రెండో రోజే ఇంకా సాఫీగా అనిపిస్తుంది, తాగే అరగంట ముందు బయట పెట్టుకోవడం మర్చిపోకండి. నాలుగో రోజుకి వాసన పచ్చళ్ళ జాడీ వైపు తిరిగితే తాగకండి, పెపోజోలోకి పోసెయ్యండి. ఒక గ్లాసుకి లోపే మిగిలితే ఉల్లిపాయలు సన్న మంట మీద మగ్గించేటప్పుడు చల్లండి, రొట్టె మీద వేసుకోవడానికి మర్నాటి టిఫిన్ తయారు.

గరిటె కాడతో తోసిన ఆ మొదటి బాటిల్ నా దగ్గర ఇంకా ఉంది, బిరడా లోపల గలగలమంటూ. కడిగి అందులో ఆలివ్ నూనె పోసుకుంటున్నా, పొయ్యేటప్పుడు బిరడా వచ్చి మూతికి అడ్డం పడి సన్నటి ధారే వస్తుంది, నాకు కావాల్సింది కూడా అదే.